ఫ్రాన్స్‌లో చిన్న ఊరు, ఇంగ్లీష్ అసిస్టెంట్ ఉద్యోగం: మీరు అడిగే ప్రశ్నలు, నా జవాబులు

నేనున్న ఊరి పేరు ఒరియాక్. ఫ్రాన్స్ మధ్యలో కొండల మధ్య ఉంటుంది, కాంతాల్ అనే జిల్లాకి ముఖ్యపట్టణం. ముఖ్యపట్టణమంటే పెద్ద ఊరనుకునేరు, జనాభా పాతిక వేలు కాస్త అటూ ఇటూ. అక్కడి ఒక లిసేలో, అంటే మన ఇంటర్ వయసు పిల్లలు చదివే స్కూల్లో, అక్టోబరు నుంచి ఏప్రిల్ చివరి దాకా ఇంగ్లీష్ అసిస్టెంట్‌గా పనిచేశాను. తిరిగొచ్చాక హైదరాబాద్, విజయవాడల్లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్న పిల్లలు ఒకే రకం ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు ఈ ఉద్యోగం ఏంటి? టీచర్ ఉద్యోగమేనా?

పూర్తి టీచర్ కాదు, అసిస్టెంట్. ఫ్రాన్స్ విద్యాశాఖ ప్రతి ఏడాదీ చాలా దేశాల నుంచి యువతను పిలిపించుకుని ప్రభుత్వ స్కూళ్ళలో వాళ్ళ భాష మాట్లాడించడానికి పెట్టుకుంటుంది. నడిపేది ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ అనే ప్రభుత్వ సంస్థ. ఇంగ్లీష్ కోసం మన దేశం నుంచి కూడా తీసుకుంటారు, ఇక్కడ దరఖాస్తుల సంగతి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ చూస్తుంది. వారానికి 12 గంటల క్లాసులు, అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఏడు నెలల కాంట్రాక్టు, చేతికి నెలకి దాదాపు 800 యూరోలు. పేపర్లు దిద్దడం, మార్కులు వేయడం, పేరెంట్స్ మీటింగులు మీ పని కాదు. పిల్లల చేత నోరు తెరిపించడమే మీ పని, అది తక్కువ పనేమీ కాదు.

పారిస్ అడిగితే ఎక్కడో పేరు తెలియని ఊరు ఇచ్చారు. మార్చమని అడగనా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్తున్నా: వెళ్ళండి. నాకు ఒరియాక్ అని ఉత్తరం వచ్చిన రోజు మ్యాప్‌లో వెతుక్కుని, పారిస్ నుంచి రైల్లో ఆరు గంటలని చూసి గుండె జారిపోయింది, దాచుకోను. కానీ 800 యూరోలతో పారిస్‌లో గది దొరకడమే కష్టం, దొరికినా జీతమంతా అద్దెకే పోతుంది. అదే ఒరియాక్‌లో నా చిన్న స్టూడియోకి అద్దె 320 యూరోలు. ఇంకో సంగతి, పారిస్‌లో మీరు నోరు తెరిచి ఫ్రెంచ్ మాట్లాడితే అవతలివాళ్ళు చాలాసార్లు ఇంగ్లీష్‌లోకి మారిపోతారు. చిన్న ఊళ్ళో మారరు, మీ వాక్యం పూర్తయ్యేదాకా ఓపిగ్గా నిలబడతారు. ఏడు నెలల్లో నా ఫ్రెంచ్ ఎంత మెరుగుపడిందో ఇక్కడ మూడేళ్ళు క్లాసుకి వెళ్ళినా అంత మెరుగుపడేది కాదు.

ఊరు మార్చడం మామూలుగా కుదిరే పని కూడా కాదు. వెళ్ళే ముందు మాత్రం స్కూల్ ఊళ్ళోనే ఉందా, ఊరికి దూరంగా ఉందా, పొద్దున ఏడున్నరకి బస్సు ఉందా అన్నది అడిగి తెలుసుకోండి. కొందరికి రెండు మూడు స్కూళ్ళు కలిపి ఇస్తారు, వాటి మధ్య బస్సు లేకపోతే నరకమే.

ఫ్రెంచ్ ఎంత రావాలి?

దరఖాస్తుకి ఏ స్థాయి అడుగుతున్నారో ఆ ఏడాది ప్రకటనలో ఉంటుంది, అలయాన్స్ ఫ్రాన్సేజ్‌లో డెల్ఫ్ అనే ఫ్రెంచ్ భాషా పరీక్ష రాసి సర్టిఫికెట్ చేతిలో పెట్టుకోవడం మంచిది. క్లాసులో ఫ్రెంచ్ అంతగా అవసరం రాదు, ఇంకా రాకపోతేనే పిల్లలు ఇంగ్లీష్ మాట్లాడతారు. ఫ్రెంచ్ కావాల్సింది బ్యాంకులో, ఇంటి ఓనరుతో, ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్‌తో. ఫోన్‌లో మాట్లాడటం అన్నిటికంటే కష్టం, అవతలి మనిషి మొహం కనపడదు కదా. చెప్పాల్సిన నాలుగు వాక్యాలూ కాగితం మీద రాసుకుని ఫోన్ చేసేదాన్ని. మీరూ అలాగే చెయ్యండి, తప్పేం లేదు.

బయల్దేరే ముందు ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

మీకు ‘అరెతే’ అనే నియామక పత్రం వస్తుంది, వీసాకి ఆధారం అదే. అది వచ్చేదాకా టికెట్ కొనకండి. హైదరాబాద్‌లో వీఎఫ్ఎస్ సెంటర్‌లో వీసాకి ఇవ్వొచ్చు, కానీ అపాయింట్‌మెంట్లు వేసవిలో త్వరగా అయిపోతాయి. ఫ్రాన్స్‌లో దిగాక మూడు నెలల్లోపు ఆ వీసాని ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి. ఇది మర్చిపోతే మీరు అక్కడ ఉండటమే చట్టవిరుద్ధం అవుతుంది, కాబట్టి దిగిన వారంలోనే చేసెయ్యండి.

బర్త్ సర్టిఫికెట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అక్కడ సోషల్ సెక్యూరిటీ నంబర్ కోసం తల్లిదండ్రుల పేర్లున్న బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇక్కడే మున్సిపాలిటీ నుంచో మీసేవ నుంచో తీసుకుని, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) చేయించుకుని వెళ్ళండి. ఫ్రెంచ్ అనువాదం అక్కడి కోర్టు గుర్తించిన అనువాదకుల చేత చేయిస్తే పేచీ ఉండదు.

ఇంక మనవాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే తంటా ఇంటిపేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా, డిగ్రీలో అసలు లేకుండా, ఇలా మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది. అక్కడి ఆఫీసువాళ్ళకి అది ముగ్గురు మనుషులతో సమానం. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా ప్రతి ఫారంలోనూ అలాగే రాయండి. ఒక్క సుఖం ఏంటంటే, ఫ్రెంచ్ ఆఫీసు కాగితాల్లో కూడా మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారం మీద అది చూసినప్పుడు ప్రాణం లేచొచ్చింది నాకు.

ఇల్లు ఎలా వెతుక్కోవాలి? మోసపోతామేమోనని భయం.

భయం ఉండటం మంచిదే. ఇల్లు చూడకుండా, తాళం చేతికి రాకుండా ఇండియా నుంచి ఒక్క యూరో కూడా పంపకండి. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను’ అనేవాళ్ళు నూటికి నూరుపాళ్ళు దొంగలు.

మొదట చెయ్యాల్సింది స్కూలుకి మెయిల్ రాయడం. చాలా లిసేల్లో హాస్టల్ ఉంటుంది, స్కూల్ ఆవరణలోనే అసిస్టెంట్లకి చవగ్గా గది ఇచ్చే చోట్లున్నాయి. అది లేకపోతే యువ ఉద్యోగుల హాస్టళ్ళు ఉంటాయి, వాటిని ఫ్వాయే అంటారు. అదీ కాకపోతే అద్దె ప్రకటనలుండే లబోన్‌క్వాన్ సైట్. నాకు ఇల్లు ఇప్పించింది వీటిలో ఏదీ కాదు, స్టాఫ్ రూమ్ నోటీసు బోర్డు మీద నా మెంటర్ టీచర్ అంటించిన చీటీ. చూసిన లైబ్రేరియన్ తన అత్తగారి ఇంటి పై వాటా ఖాళీగా ఉందని చెప్పింది. చిన్న ఊళ్ళో ఇళ్ళు ఇలాగే దొరుకుతాయి, అందుకే మొదటి వారం పదిరోజులు ఎక్కడైనా తాత్కాలికంగా ఉండి వెతుక్కోవడమే నయం.

ఓనర్లు ఫ్రాన్స్‌లో ఉండే పూచీదారుని అడుగుతారు. మనకెవరున్నారు? దానికి విజాల్ అనే ఉచిత గ్యారంటీ ఉంది, ఆన్‌లైన్‌లో తీసుకుని ఆ కాగితం ఓనరుకి చూపించండి. ఫర్నిచర్ ఉన్న ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటి అడగకూడదని చట్టం. ఇంటి ఇన్సూరెన్స్ తప్పనిసరి.

దిగే రోజు ఓనరూ మీరూ కలిసి ఇల్లంతా తిరిగి ఏది ఎలా ఉందో రాసుకుని సంతకాలు పెడతారు, దాన్ని ‘ఎతా దె ల్యూ’ అంటారు. మొహమాటపడకండి. మా ఓనరమ్మ చాలా మంచావిడ, అయినా నేను వంటింటి సింకు పక్కన చెక్క ఉబ్బిన చోటు, కిటికీ రెక్కకి ఉన్న గీత, పరుపు మీద బొట్టంత మరక, అన్నీ ఆవిడ ముందే ఫోటోలు తీసి కాగితంలో రాయించాను. ఆవిడేం అనుకోలేదు, ‘బాగా చూశావు’ అంది. ఏప్రిల్‌లో అడ్వాన్సు మొత్తం వెనక్కి రావడానికి ఆ అరగంటే కారణం.

అద్దెకి ప్రభుత్వ సాయం కూడా వస్తుంది, కాఫ్ అనే ఆఫీసు ఇస్తుంది. ఇంట్లో దిగిన నెలలోనే అప్లై చెయ్యండి, ఎందుకంటే దిగిన నెలకి రాదు, ఆ తర్వాతి నెల నుంచే లెక్క, ఆలస్యం చేసిన నెలలు పోయినట్టే.

బ్యాంకు అకౌంటు, మొదటి జీతం?

అకౌంటుకి ఇంటి అడ్రసు కాగితం కావాలి, ఇంటికి అకౌంటు కావాలి. ఈ చక్రంలో అందరూ తిరుగుతారు, మీకొక్కరికే అనుకోకండి. ఓనరు గానీ స్కూలు గానీ ‘ఈ మనిషి మా దగ్గర ఉంటున్నారు’ అని రాసిస్తే ఆ ఉత్తరంతో పనవుతుంది. నేను వెళ్ళిన మొదటి బ్యాంకులో ఏడు నెలల కాంట్రాక్టుకి కుదరదన్నారు, రెండో బ్యాంకులో పది రోజుల తర్వాతికి అపాయింట్‌మెంట్ ఇచ్చి అకౌంటు తెరిచారు. ఎవరూ ఇవ్వకపోతే, కుదరదన్న బ్యాంకు నుంచి తిరస్కరణ ఉత్తరం తీసుకుని బ్యాంక్ ద ఫ్రాన్స్‌కి పెట్టుకుంటే వాళ్ళే ఒక బ్యాంకుని పురమాయిస్తారు. అది అక్కడ నివసించేవాళ్ళందరికీ ఉన్న హక్కు.

అకౌంటు రాగానే ‘రిబ్’ అనే అకౌంటు వివరాల కాగితాన్ని స్కూల్ ఆఫీసులో ఇవ్వాలి. అలాగే చేరిన మొదటి రోజే ‘ప్రొసే వెర్బాల్’ అనే జాయినింగ్ పత్రం మీద సంతకం పెట్టామా లేదా చూసుకోండి. అది వెళ్ళకపోతే జీతం కదలదు. మొదటి జీతం అక్టోబరు ఆఖర్లో రావొచ్చు, కాగితాలు లేటైతే నవంబరు ఆఖరే. అందుకని రెండు నెలల ఖర్చు, అడ్వాన్సుతో కలిపి 1,500 నుంచి 2,000 యూరోలు చేతిలో ఉంచుకుని వెళ్ళండి. అప్పు చేసి వెళ్ళేవాళ్ళు ఇంట్లో ఈ విషయం ముందే చెప్పండి, మొదటి రెండు నెలలు ఇంటికి డబ్బు పంపలేరు. ఆ తర్వాత కూడా పెద్దగా మిగలదు.

క్లాసులో ఏం చెయ్యాలి? ఎప్పుడూ పాఠం చెప్పలేదు.

టీచర్ సగం క్లాసుని మీకిచ్చి పక్క గదికి పంపిస్తారు. పన్నెండు పదిహేను మంది, యాభై అయిదు నిమిషాలు. మొదటి రోజు ‘ఇండియా గురించి ఏమైనా అడగండి’ అన్నాను, ఒక్కరూ మాట్లాడలేదు. రాక కాదు, తప్పు మాట్లాడితే పక్కవాళ్ళు నవ్వుతారని. తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లీష్ మీడియంలోకి వెళ్ళినవాళ్ళకి ఆ నిశ్శబ్దం ఏంటో బాగా తెలుసు. నాకూ తెలుసు, అందుకే ఆ పిల్లల మీద కోపం రాలేదు.

ప్రశ్నలడగడం మానేసి పని ఇవ్వడం మొదలుపెట్టాకే నోళ్ళు తెరుచుకున్నాయి. నాకు బాగా పనికొచ్చిన క్లాసు ఒకటి చెప్తా. ఒరియాక్‌లో జెర్బెర్ అనే ఆయన కంచు విగ్రహం ఉంది. పదో శతాబ్దంలో ఆ ఊరి మఠంలో చదువుకున్న కుర్రాడు, తర్వాత 999లో రెండో సిల్వెస్టర్ పేరుతో పోప్ అయ్యాడు, ఫ్రాన్స్ నుంచి పోప్ అయిన మొదటివాడు ఆయనే. స్పెయిన్ వైపు వెళ్ళి లెక్కలు నేర్చుకుని, మన దేశంలో పుట్టి అరబ్బుల ద్వారా వచ్చిన అంకెల్ని యూరప్‌లో పరిచయం చేసినవాళ్ళలో తొలి మనిషి, అదీ సున్నా లేకుండా తొమ్మిది అంకెలే. పిల్లలు రోజూ ఆ విగ్రహం ముందు నుంచే వస్తారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. బోర్డు మీద ౧ ౨ ౩ ౪ ౫ అని తెలుగు అంకెలు రాసి, ఇవి వాటి అక్కచెల్లెళ్ళు అని చెప్పి, రెండేసి మంది కలిసి ఆ అంకెలతో లెక్కలు వేసి ఎదుటి జట్టుని ఇంగ్లీష్‌లో అడగాలన్నాను. ౩ని తలకిందులుగా రాసిన అబ్బాయిని సరిదిద్దడానికి, అప్పటిదాకా నోరెత్తని అమ్మాయి లేచి బోర్డు దగ్గరికొచ్చి ‘నో, నో, లైక్ దిస్’ అంది. ఆ నాలుగు మాటలకి నాకు కళ్ళు చెమర్చాయి.

కాబట్టి మీరు వెళ్ళిన ఊరికీ మనకీ ఉన్న ముడి ఏదో వెతకండి. తాజ్‌మహల్ ఫోటోల కంటే అది బాగా పనిచేస్తుంది.

చిన్న చిన్నవి కొన్ని: వాళ్ళు ‘హ’ పలకరు, ‘హౌస్’ని ‘ఔస్’ అంటారు, దాన్నే పట్టుకుని పదిసార్లు అనిపించకండి. ‘లొకేషన్’ అంటే వాళ్ళ భాషలో అద్దె, ‘లిబ్రెరీ’ అంటే లైబ్రరీ కాదు పుస్తకాల షాపు, ఇలాంటి జంటలతో మంచి ఆటలు ఆడించవచ్చు. మార్కులు ఇరవైకి, 14 వస్తే మంచి మార్కే, 20 దాదాపు ఎవరికీ వెయ్యరు.

మన ఇంగ్లీష్ యాసని ఒప్పుకుంటారా?

ఒక టీచర్ మొదట్లో ‘బ్రిటిష్ ఉచ్చారణ ఉంటే బాగుండేది’ అని నా ముందే అన్నారు. బాధగానే ఉంది. కానీ ఇంగ్లీష్ ప్రపంచంలో ఎన్ని రకాలుగా మాట్లాడతారో పిల్లలకి వినిపించడానికే మనల్ని పిలుస్తున్నారు, అది గుర్తుపెట్టుకోండి. నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడండి. లేని యాస తెచ్చిపెట్టుకోకండి.

తోటి టీచర్లతో ఎలా ఉండాలి?

ఎక్కడికెళ్ళినా ముందు ‘బోంజూర్’. బేకరీలో, బస్సెక్కుతూ, స్టాఫ్ రూమ్ తలుపు తీస్తూ, డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమ్‌లో కూడా. మనం మొహం చూసి చిన్నగా తలూపితే మర్యాదే అనుకుంటాం, అక్కడ నోటితో అనకపోతే పొగరు అనుకుంటారు. మొదటి నెలంతా నన్ను స్టాఫ్ రూమ్‌లో ఎవరూ పలకరించట్లేదని బాధపడ్డాను. చూస్తే, నేనే బెదురుగా మూలకి వెళ్ళి కూర్చుంటున్నాను, కొత్తగా గదిలోకి వచ్చినవాళ్ళే ముందు పలకరించడం అక్కడి పద్ధతి.

పెద్దవాళ్ళని ‘వు’ అనండి, మన ‘మీరు’ లాంటిదే. వాళ్ళే ‘త్యు’ అనమంటే అప్పుడు అనండి, మన తెలుగువాళ్ళకి ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో టీచర్లతో కలిసి తినండి, డబ్బా తెచ్చుకుని ఒంటరిగా తినకండి. నాకు పరిచయాలన్నీ ఆ బల్ల దగ్గరే అయ్యాయి.

ఒక ముఖ్యమైన సంగతి: ప్రభుత్వ స్కూలు ఉద్యోగులు మత చిహ్నాలు ధరించకూడదు, అసిస్టెంట్లకీ వర్తిస్తుంది. దేవుడి లాకెట్ ఉంటే తీసి ఇంట్లో పెట్టుకోండి. బొట్టు గురించి నేను చేరిన రోజే హెడ్‌ని అడిగేశాను. మీరూ ఊహించుకోకుండా అడిగెయ్యండి.

తిండి? శాకాహారులకి గడుస్తుందా?

గడుస్తుంది, కానీ వంట రావాలి. స్కూల్ క్యాంటీన్లలో వారానికి ఒక రోజు శాకాహార భోజనం పెట్టాలని 2019 నుంచి నియమం ఉంది, మిగతా రోజుల్లో సలాడు, చీజు, రొట్టె, ఉడికించిన కూరగాయలు. కాంతాల్ అంటేనే చీజు, ఆ పేరుతోనే చీజు ఉంది. బంగాళాదుంపల్లో తాజా చీజు కరిగించి చేసే త్రుఫాద్ ఊరంతా తింటారు, అందులో పంది కొవ్వో లార్దోన్ అనే పంది మాంసం ముక్కలో పడతాయి, అడిగి తినండి.

ఊళ్ళో ఇండియన్ షాపు లేదు. కందిపప్పుకి బదులు సూపర్ మార్కెట్లో ‘లాంతీయ్ కొరాయ్’ అని దొరికేది మన ఎర్ర మసూర్ పప్పే, పావుగంటలో మెత్తగా ఉడుకుతుంది, కుక్కర్ అక్కర్లేదు. కరివేపాకు, చింతపండు, ఆవాలు పారిస్‌లో లా షపెల్ దగ్గర తమిళుల దుకాణాల్లో కొనుక్కుని, సెలవుల నుంచి వచ్చేటప్పుడు బ్యాగు నింపుకునేదాన్ని. ఇంటి నుంచి ఇంగువ, కారం తీసుకెళ్ళండి, అక్కడి కారంలో కారం ఉండదు.

ఇక అందరికీ చెప్పాలనిపించేది ఒజేయ్ ఆకు. శనివారం సంతలో ఒక ముసలాయన బుట్టలో పాలకూర లాంటి ఆకు కట్టలు పెట్టుకుని కూర్చున్నాడు. అదేంటని అడిగితే ఒక ఆకు తుంపి చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకోగానే పుల్లగా నాలుక జివ్వుమంది. మన చుక్కకూర! నిజంగా దాని దగ్గరి చుట్టమే ఆ మొక్క. రెండు కట్టలు కొని, ఎర్రపప్పులో వేసి, వెల్లుల్లి ఎండుమిర్చి పోపు పెట్టి, వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే నమ్మలేదు. చలి తగ్గాక వసంతంలో వస్తుంది, చూస్తూ ఉండండి.

ఒంటరిగా అనిపించదా?

అనిపిస్తుంది. ముఖ్యంగా నవంబరులో. సాయంత్రం అయిదున్నరకే చీకటి, ఏడింటికి షాపులు మూత, ఆదివారం వీధిలో మనిషి కనపడడు. అక్టోబరు ఆఖర్లో గడియారాలు మార్చాక మనకీ వాళ్ళకీ నాలుగున్నర గంటల తేడా, మీరు రాత్రి భోంచేసి ఫోన్ చేద్దామనుకునేసరికి ఇంట్లో అందరూ నిద్రపోతుంటారు. నాకు బుధవారం మధ్యాహ్నాలు క్లాసుల్లేవు, అవి ఇంటికి ఫోన్ చెయ్యడానికే పెట్టుకున్నాను.

తూసాన్ సెలవులు అక్టోబరు ఆఖర్లో రెండు వారాలు వస్తాయి, కొన్నేళ్ళు దీపావళి అందులోనే పడుతుంది. ఆ మొదటి సెలవుల్లో గదిలో ఒక్కరే ఉండకండి, మీ అకాడమీలోని (అంటే మీ విద్యా ప్రాంతంలోని) తోటి అసిస్టెంట్ల దగ్గరికి వెళ్ళండి. 27 ఏళ్ళ వరకు ఉన్నవాళ్ళకి 49 యూరోల రైలు కార్డు ఉంది, ఏడాదంతా టికెట్ల మీద 30 శాతం తగ్గుతుంది. ఊళ్ళో ఏదో ఒక సంఘంలో చేరండి, పాటలో నడకో ఏదైనా సరే. సెప్టెంబరులో ఊరి సంఘాలన్నీ ఒకచోట బల్లలు వేసుకుని కూర్చుంటాయి, మీరు వెళ్ళేసరికి అది అయిపోతుంది, మునిసిపల్ ఆఫీసులో అడిగితే జాబితా ఇస్తారు. నేను ఆదివారం నడిచేవాళ్ళ గుంపులో చేరాను. అందరూ అరవై దాటినవాళ్ళు, ఒక్కరికీ ఇంగ్లీష్ రాదు. వాళ్ళ వల్లే ఆ ఊరు నాకు ఊరైంది.

ఆరోగ్యం బాగాలేకపోతే?

జీతంలోంచే ఆరోగ్య బీమా కట్ అవుతుంది, అసిస్టెంట్ల ఫైళ్ళు మామూలుగా టీచర్ల ఆరోగ్య బీమా సంస్థ ఎమ్‌జీఈఎన్ చూస్తుంది. నంబరు రావడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా రసీదులన్నీ దాచుకోండి, తర్వాత డబ్బు వెనక్కి వస్తుంది. మామూలు డాక్టరు ఫీజు 30 యూరోలు. చిన్న ఊళ్ళలో డాక్టర్ల కొరత ఎక్కువ, కొత్త పేషెంట్లని తీసుకోలేమంటారు, అందుకే ఒంట్లో బాగున్నప్పుడే స్కూల్ నర్సుని అడిగి ఒక డాక్టరుని చూసిపెట్టుకోండి. చిన్న జలుబూ దగ్గూ అయితే మందుల షాపతనే మంచి సలహా ఇస్తాడు. రోజూ వేసుకునే మందులుంటే ప్రిస్క్రిప్షన్‌తో మూడు నెలలకి తెచ్చుకోండి.

చలికి ఏం కొనాలి?

ఒరియాక్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది, మంచు పడుతుంది. ఇక్కడ కొనకండి, అక్కడే కొనండి. మంచి బూట్లకి మాత్రం వెనకాడకండి. గొడుగు కూడా అక్కడిదే, ఆ ఊరు గొడుగుల తయారీకి పేరు.

ఖాళీ టైమ్ చాలా ఉంటుంది కదా, ఇంకో పని చేసుకోవచ్చా?

ఆ వీసా ఆ ఒక్క ఉద్యోగానికే. అనుమతి లేకుండా ఇంకోటి చెయ్యకండి, ఇబ్బందుల్లో పడతారు.

తిరిగి వచ్చేటప్పుడు ఏం గుర్తుపెట్టుకోవాలి?

ఫర్నిచర్ ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యడానికి నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, అంటే మార్చి ఆఖరులోపే ఉత్తరం ఇవ్వాలి. దిగినప్పుడు రాసుకున్న కాగితంతో సరిపోల్చి, తేడా లేకపోతే ఓనరు నెలలోపు అడ్వాన్సు తిరిగివ్వాలి. కాబట్టి బ్యాంకు అకౌంటు వెంటనే మూసెయ్యకండి, ఆ డబ్బూ ఆఖరి జీతమూ పడేదాకా ఉంచండి. కరెంటు, ఫోన్, ఇన్సూరెన్స్ మూడూ వేరువేరుగా రద్దు చేసుకోవాలి. జీతం స్లిప్పులన్నీ జాగ్రత్తగా తెచ్చుకోండి, మళ్ళీ చదువుకో ఉద్యోగానికో ఫ్రాన్స్ వెళ్ళాలనుకుంటే అవే అడుగుతారు. స్కూల్ నుంచి సర్టిఫికెట్ కూడా ఏప్రిల్ సెలవులకి ముందే అడిగి తీసుకోండి, ఆ సెలవుల్లో ఆఫీసులో ఎవరూ దొరకరు.